స్తంభాల్లేని పడమటి వసారా

పడమటి వైపు గోడ లేని ఇల్లు నేను ఒక్కటే కట్టాను. కట్టానంటే పెద్ద మాట. ఇల్లు గీసింది ఒక ఇంజనీరు, కట్టింది మా మేస్త్రి, నేను తట్టలు మోశాను. అయినా ఆ ఇంటి సంగతి వాళ్లిద్దరికంటే నేనే ఎక్కువ చెప్పగలను. ఎందుకంటే అక్కడ జరిగిన తప్పు నా కాలి కిందే మొదలైంది.

ఇప్పుడు ఈ పనిలోకి వచ్చే ఆడపిల్లలు చదువుకుని వస్తున్నారు. కొందరు ప్లాను కాగితం చూసి గడగడా చెప్పేస్తారు. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. నేను పనిచేసే రోజుల్లో నాకు అక్షరం రాదు. యాభై దాటాక మా కోడలి దగ్గర నేర్చుకున్నాను. అందుకని ఇందులో కొలతలు తక్కువ ఉంటాయి. అప్పట్లో నాకు తెలిసినవి బరువు, తడి, కాలి కింద నేల, అంతే.

మాది వాకాడు పక్కన, సముద్రానికి దగ్గర్లో ఉండే ఊరు. మా ఆయన ఉప్పుమడుల్లో పనిచేసేవాడు. వానలు పడితే ఆ పని ఆగిపోతుంది. నేను మాత్రం ఏడాది పొడుగునా మేస్త్రి వెంట పోయేదాన్ని. ఆయన నాకు పెదనాన్న కొడుకు, నాకంటే ఇరవై ఏళ్లు పెద్ద. మేస్త్రి చేతికింద ఇసుకా సున్నమూ మోసే ఆడవాళ్లను మా వైపు సిత్తాళ్లంటారు. ఆయన దగ్గర అయిదుగురం సిత్తాళ్లం ఉండేవాళ్లం, మగవాళ్లు ఏడుగురు.

మేస్త్రికి ఒక పట్టుదల ఉండేది. స్లాబు పోసి, దాని కింద సర్వి కర్రలు పోట్లుగా నిలబెట్టి, మూడు వారాలు నీళ్లు కట్టి, చివరికి ఆ పోట్లు ఊడదీసే రోజు వస్తుంది కదా, ఆ రోజు ఆయన తలస్నానం చేసి, ఉతికిన పంచ కట్టుకుని, ఆకూవక్కా నములుతూ ఆ స్లాబు కింద నడిమధ్యన నిలబడేవాడు. చివరి పోటు పడేదాకా కదిలేవాడు కాదు. "నేను నిలబడని కప్పు కింద ఇంకొకర్ని ఎట్టా పండుకోమంటా?" అనేవాడు. మా పక్క ఊరు కోట నుంచి గూడూరు దాకా ఆయనకు పని వచ్చిందంటే ఆ నిలబడడం వల్లే వచ్చింది. ఆయనకు కాగితం మీద సంతకం లేదు. ఆయన సంతకం అదే.

పందొమ్మిది వందల అరవైలు మొదలైన కొత్తల్లో మాట. గూడూరు నుంచి వెంకటగిరి పోయే దారిలో, మెట్ట పొలాల నడుమ ఒక దిబ్బ మీద ఇల్లు కట్టాలని కబురొచ్చింది. ఇంటావిడ మా సముద్రం వైపు మిషను బడిలో ముప్పయ్యేళ్లు పాఠాలు చెప్పిన టీచరమ్మ. పుట్టిల్లు మాత్రం వెలికొండల అంచున. భర్త హెడ్మాస్టరుగా చేసి దిగిపోయారు. మంచం పట్టిన అత్తగారు, సెలవులకు వచ్చే కూతుళ్లూ మనవలూ. "ముప్పయ్యేళ్లు ఉప్పుగాలి పీల్చాను. ఇక కొండను చూస్తూ కూర్చుంటాను" అనేది టీచరమ్మ.

ఇంజనీరు వాళ్ల దూరపు చుట్టం కొడుకు. మద్రాసులో చదువు ముగించి వచ్చిన పిల్లవాడు. అది ఆయనకు మొదటి ఇల్లు.

మొదటి రోజు ఆయన మా చేత సున్నపు గీతలు గీయించలేదు. ఒక కుర్చీ, ఒక పీట, ఒక నులక మంచం తెమ్మన్నాడు. బీడు నేల మీద కుర్చీ వేయించి టీచరమ్మను కూర్చోమన్నాడు.

"పొద్దున కాఫీ తాగేటప్పుడు ఎక్కడ కూర్చుంటారమ్మా?"

"ఇదిగో, ఇట్లాగే."

"వంట చేసేటప్పుడు కూడా కొండ కనపడాలా?"

"కనపడొద్దూ? నా బతుకు సగం పొయ్యి దగ్గరే అయిపోయింది. కొండ ఈయనొక్కరికేనా?" అంది ఆవిడ భర్త వైపు చూపిస్తూ. హెడ్మాస్టరు గారు గొడుగు కింద నవ్వుకున్నారు.

తరువాత ఇంజనీరు బాబు తానే నులక మంచం మీద వెల్లకిలా పడుకున్నాడు. పక్కకు ఒత్తిగిలి కొండ వైపు చూశాడు. మంచం మీది ముసలామెకు కొండ కనపడాలంటే ముందరి గట్టు ఎంత ఎత్తులో ఆగాలో ఇటుకలు పేర్పించి, తీయించి, మళ్లీ పేర్పించి చూసుకున్నాడు.

"ఇల్లు కట్టమంటే మంచమేసుకొని పండుకున్నాడు" అన్నాడు మేస్త్రి నా చెవిలో.

కానీ నాలుగు రోజుల్లో ఆ ఇల్లు నాకు కళ్ల ముందు కనపడసాగింది. చదునైన మిద్దె. పడమర వైపు గోడకు బదులు ఈ కొస నుంచి ఆ కొసకు మడిచిపెట్టే తలుపులు, వాటి పైన ఒక కాంక్రీటు దూలం. నడిమింట్లో నుంచున్నా, పొయ్యి దగ్గర నుంచున్నా, మంచం మీద పడుకున్నా తలుపులు తీస్తే కొండే. తలుపుల ముందు వసారా. దాని మీద ఆరడుగులు ముందుకు చాచిన స్లాబు చూరు.

మేస్త్రికి నచ్చలేదు. "అయ్యా, పడమటికి నోరు తెరిచి ఇల్లు కడితే రోహిణి కార్తెలో పెనం మీద ఉన్నట్టుంటాది. మా వైపు ఆ గోడకి కిటికీ కూడా అరచెయ్యంతే పెడతారు."

"నిజమే మేస్త్రీ. అందుకే ఆరడుగుల చూరు. పొద్దు బాగా వాలేదాకా ఎండ లోపలికి రాదు. ఆ తరువాత వట్టివేళ్ల తడికలు దించుకుంటారు. మీవాళ్లు గోడతో ఆపిన ఎండను మనం నీడతో ఆపుతున్నాం."

మేస్త్రి ఊఁ అనలేదు, ఉఁహూఁ అనలేదు. ఆయనకు ఒక మాట నచ్చితే అంతే.

ఆ చూరు బరువు మోయడానికి ఇంజనీరు మొదట రెండు స్తంభాలు గీశాడు. టీచరమ్మ కాగితం చూసింది. నన్నూ, నాతో జోడీగా పనిచేసే అక్కనూ పిలిచి, స్తంభాలు ఎక్కడొస్తాయో అక్కడ నిలబడమంది. నిలబడ్డాం. ఆవిడ కుర్చీలో కూర్చుని కాసేపు అటు చూసింది, కాసేపు ఇటు చూసింది.

"బంగారం లాంటి పిల్లలే గానీ బాబూ, చచ్చిందాకా వీళ్ల వీపులు చూస్తా కూర్చోవాలా నేను?"

"మా వీపులకేమైందంట" అని గొణిగింది అక్క.

ఇంజనీరు రెండు రోజులు కనపడలేదు. మూడో రోజు కొత్త కాగితంతో వచ్చాడు. స్తంభాలు పోయాయి. చూరు ఇంటి స్లాబులో నుంచే చెయ్యి చాచినట్టు ముందుకు వస్తుంది, కింద ఆధారం ఉండదు. కిటికీల మీద రెండడుగుల చూరు మేం చాలా పోశాం. ఆరడుగులది ఎవరం పోయలేదు.

ఇక్కడ ఒక్క సంగతి మీకు చెప్పాలి. మామూలు స్లాబులో ఇనుప కమ్ములు కింది వైపు ఉంటాయి. మేస్త్రి జీవితమంతా అట్లాగే పరిచాడు. ఇంజనీరు మమ్మల్నందరినీ పిలిచి పక్క దొడ్లో మునగచెట్టు చూపించాడు.

"ఈ కొమ్మ కొసన మనిషి కూర్చుంటే ఎక్కడ విరుగుతుంది?"

"మొదట్లో" అన్నాం అందరం. మునగచెట్టు ఎక్కి పడనివాళ్లు మాలో లేరు.

"మొదట్లో పైన చీలుతుందా, కిందా?"

"పైన" అన్నాడు మేస్త్రి.

"ఈ చూరు కూడా అంతే. చీలేది పైన కాబట్టి కమ్మి పైనే ఉండాలి. కిందికి జారితే ఉన్నా లేనట్టే."

పై కమ్ములు జారకుండా మిగిలిన కమ్మి ముక్కలను వంచి చిన్న పీటల్లాంటివి చేయించాడు. పనిలో వాటిని కుర్చీలంటారు. కమ్ముల జల్లెడ ఆ కుర్చీల మీద నిలబడాలి. కాంక్రీటు పోసే ముందు రోజు సాయంత్రం వచ్చి ప్రతి కుర్చీనీ చేత్తో కదిపి చూసి, బాగుందని చెప్పి, పొద్దున రైలుకు వస్తానని వెళ్లాడు.

తెల్లారేసరికి తూర్పున సముద్రం వైపు నుంచి మబ్బు లేచింది. ఆశ్వీజం అది, మబ్బు పట్టిందంటే ఆగే కాలం కాదు. సిమెంటు పర్మిటు మీద వచ్చే రోజులు. కలిపినది వానకు కొట్టుకుపోతే మళ్లీ ఎన్ని నెలలకు దొరుకుతుందో తెలియదు. మేస్త్రి ఇంజనీరు కోసం ఆగలేదు. కలపండి, ఎత్తండి, నడవండి అన్నాడు.

మేం నిచ్చెన ఎక్కి, తట్టతో ఆ కమ్ముల మీదే నడిచి కొసదాకా పోవాలి. ఉత్తకాళ్లు. నాలుగో తట్టకో అయిదో తట్టకో ఒక కుర్చీ కాలు నా కోక అంచుకు పట్టుకుంది. తట్టతో సహా ముందుకు తూలాను. ఇంకొంచెం అయితే కిందపడేదాన్ని. తట్ట దించి, ఆ కుర్చీ పీకి పక్కనున్న ఇసుక గుట్ట మీదికి విసిరాను. ఒక్కటే కదా అనుకున్నాను.

"నా కాడా ఒకటుంది, కాలు చీరేస్తాండాది" అని అక్క ఇంకొకటి పీకింది. ఆ తరువాత ఎవరు ఎన్ని పీకారో, ఎన్ని మా కాళ్లకే పక్కకు ఒరిగిపోయాయో నాకు తెలియదు. తెలిసింది ఒక్కటే. మొదట్లో కాలికి గట్టిగా తగిలిన కమ్ములు, కాసేపటికి వదులైన నులక మంచం మాదిరి కిందికి పోతున్నాయి.

"అన్నా, కమ్ములు దిగుతాండాయి" అన్నాను మేస్త్రితో.

"దిగితే లేస్తాయిలే మే. మబ్బు చూసినావా? నడువు."

నడిచాను.

ఇంజనీరు వచ్చేసరికి మూడు వంతులు పోశాం. పైన నున్నగా రుద్దిన తడి కాంక్రీటు తప్ప ఆయనకేం కనపడుతుంది? తనకోసం ఆగనందుకు మేస్త్రి మీద కాస్త చిరాకు పడ్డాడు. ఈ లోపల వాన దిగింది. అందరం తాటాకు చాపలు కప్పడానికి పరుగెత్తాం. మాట అక్కడితో పోయింది.

ఆ మరుసటి రోజు నుంచి స్లాబుకు నీళ్లు కట్టే పని నాకు అప్పగించారు. చుట్టూ బంకమట్టితో గట్టు వేసి, పొద్దునా సాయంత్రమూ నీళ్లు నింపాలి. ఇరవై రోజులు ఆ స్లాబు మీద నిలబడ్డాను. వాన వెలిసినప్పుడల్లా వెలికొండలు దగ్గరికి వచ్చి కూర్చున్నట్టు కనపడేవి. బండల మీది గీతలు కూడా తెలిసేవి. నేను వాటిని చూసేదాన్ని కాదు. దూలానికీ చూరుకూ కలిసే చోటునే చూసేదాన్ని.

ఎవరితో చెప్పను? మొదటి కుర్చీ పీకింది నేను. చెబితే పన్నెండు కుటుంబాల పని పోతుంది, మేస్త్రి పేరు పోతుంది. చెప్పకపోతే పోట్లు తీసే రోజు ఆయన దాని కింద నిలబడతాడు.

అక్కతో ఒకసారి అన్నాను, అన్నం తినేటప్పుడు. ఆమె ఎండుచేప ముక్క కొరుకుతూ ఆగింది.

"ఎవురన్నా చూసినారా మనం తీసేది?"

"లేదు."

"అయితే గమ్మునుండు. నువ్వేమన్నా ఇంజనీరు చదివినావా? నిలబడతాదిలే."

నిలబడవచ్చు కూడా. అదే నన్ను చంపింది. తప్పకుండా పడుతుందని తెలిసి ఉంటే మొదటి రోజే అరిచేదాన్ని. పడుతుందో లేదో తెలియని దాని గురించి ఒక సిత్తాలు నోరు ఎట్లా తెరుస్తుంది? పైగా సిత్తాలు ఇంజనీరుతో మాట్లాడే వాడుక లేదు. మేం చెప్పేదేదైనా మేస్త్రితో చెప్పాలి. ఆయనకు తోస్తే పైకి చెబుతాడు.

ఆ రోజు వచ్చింది. ఎండ బాగా కాసింది. టీచరమ్మ, హెడ్మాస్టరు గారు బండి దిగారు. ఇంజనీరు రైలుకే వచ్చాడు. మేస్త్రి బావి దగ్గర తలస్నానం చేసి, తెల్ల పంచ కట్టుకుని, బుగ్గన ఆకు పెట్టుకుని చూరు కింద నడిమధ్యన నిలబడ్డాడు. ఎవరితోనూ సరసమాడలేదు. మామూలుగా ఆ రోజు ఆయన పరాచికాలకు అంతుండదు.

నేను పైన ఉన్నాను. గట్టు తెంపి నీళ్లు ఒంపేయమన్నారు. మట్టి తవ్వుతున్నాను. కింద సుత్తి దెబ్బ పడింది. కొస వరసలో మొదటి పోటు ఊడి దొర్లిన చప్పుడు వినపడింది. అప్పుడు నా అరికాళ్లకు తెలిసింది. వణుకు కాదు. మోస్తున్న తట్ట బరువు ఒక పక్కకు మారినట్టు, అంతే.

నిచ్చెన ఎట్లా దిగానో గుర్తులేదు. తిన్నగా ఇంజనీరు దగ్గరికి పోయాను.

"ఆపండయ్యా."

ఎవరు మాట్లాడారా అని ఆయన అటూ ఇటూ చూశాడు.

"పై కమ్మి పైన లేదయ్యా. తొక్కేసినాం. కుర్చీలు తీసేసినాం."

"ఎవరు తీశారు?"

"మొదట తీసింది నేనే."

చూరు కింద నుంచి మేస్త్రి గొంతు వచ్చింది. "ఏందిమే అక్కడ? నీళ్లు ఒంపినావా?"

ఇంజనీరు చెయ్యి పైకెత్తాడు. "సుత్తి ఆపండి. మేస్త్రీ, మీరు బయటికి రండి."

"ఒక్క పోటే గదయ్యా ఊడింది."

"బయటికి రండి."

మేస్త్రి వచ్చాడు. నా వైపు చూడలేదు. ఇంజనీరు చెప్పింది విని, ఆకు పక్కకు ఉమ్మి, నెమ్మదిగా అన్నాడు: "ముప్పయ్యేండ్ల నుంచి చేస్తాండా ఈ పని. నా స్లాబులో కమ్మి యాడుందో నా సిత్తాలు చెప్పాల్నా మీకు?"

"ఆమె అబద్ధం ఎందుకు చెబుతుంది?" అంది టీచరమ్మ.

"పేరు కోసమమ్మా" అన్నాడు మేస్త్రి.

ఆ మాటకు ఇప్పటికీ నాకు నవ్వూ వస్తుంది, ఏడుపూ వస్తుంది.

ఊడిన పోటును మళ్లీ బిగించి, ఇంజనీరు ఉలి తీసుకుని పైకి పోయాడు. దూలం దగ్గర చూరు మొదట్లో రెండు చోట్ల తవ్వి చూశాడు. ఒకచోట కమ్మి తగిలింది గానీ ఉండాల్సిన దానికంటే బాగా లోతులో. ఇంకొకచోట ఎంత తవ్వినా తగల్లేదు. దిగి వచ్చి చేతులు దులుపుకుంటూ నిలబడ్డాడు.

"ఉంటుందా, పడుతుందా?" అడిగింది టీచరమ్మ.

"తెలియదమ్మా."

పాతికేళ్లు నిండని పిల్లవాడు, మొదటి ఇల్లు, అందరి ముందూ తెలియదని చెప్పాడు. ఆ తరువాత ఎంతోమంది ఇంజనీర్లను చూశాను. ఆ మాట చాలా తక్కువసార్లు విన్నాను.

"తెలియనిదాని కింద మా అత్తగారి మంచం వెయ్యను" అంది ఆవిడ.

చివరికి ఇంజనీరు ఒక నిర్ణయం చేశాడు. ఒక్కొక్క పోటుకూ మోకు కట్టి దూరం నుంచి లాగాలి. కింద చీమ కూడా ఉండకూడదు. నిలబడితే అప్పుడు ఆలోచిద్దాం అన్నాడు. మేస్త్రి "లాగండి" అని దూరంగా ఒక ఇటుకల వరస మీద కూర్చున్నాడు.

కొస వరస లాగారు. పోట్లు ఒకటొకటిగా పడ్డాయి. చూరు కదల్లేదు. ఇంటి వైపు వరస లాగారు. దుమ్ము రాలింది. అడుగున ఉన్న చెక్కలు కొన్ని ఊడి వేలాడాయి. చివరి పోటు కాస్త మొరాయించింది. నలుగురు కలిసి లాగితే అదీ వచ్చింది.

చూరు నిలబడింది.

కింద ఏ అడ్డమూ లేకుండా, దాని అంచు కింద నుంచి కొండ వరస ఈ కొస నుంచి ఆ కొసకు కనపడింది. టీచరమ్మ చెయ్యి నోటి దగ్గర పెట్టుకుంది. అక్క నా భుజం గిల్లింది. "ఇప్పుడేం చేస్తావు మే? నీకు ఇంక కూడెవురు పెడతారు?"

మేస్త్రి లేచాడు. పంచ దులుపుకున్నాడు. నా పక్క నుంచే పోతూ, "ఏమ్మే" అన్నాడు, అంతే. చూరు వైపు నడిచాడు.

"మేస్త్రీ, ఆగండి" అన్నాడు ఇంజనీరు.

"నిలబడింది గదయ్యా. నేను నిలబడొద్దా?"

నేను వెనక నుంచి ఆయన కండువా పట్టుకున్నాను. కండువా నా చేతిలోకి వచ్చేసింది, ఆయన ముందుకే పోయాడు. అప్పుడు పరుగెత్తి రెండు చేతులా ఆయన చెయ్యి పట్టుకుని వెనక్కి వేలాడాను. ఇరవై నాలుగేళ్లదాన్ని, రోజంతా తట్టలు మోసే దాన్ని. ఆయన లాగినా నేను ఊడలేదు.

"ఇడువు మే. నలుగురు చూస్తాండారు."

"చూడనీ."

"సిగ్గులేదా నీకు?"

"లేదన్నా."

ఆయన తిరిగి నన్ను తోయబోయాడు. అప్పుడే దూలం మీద సన్నగా తడి జారింది. పైన నేను సగమే ఒంపిన నీళ్లు. చూరూ దూలమూ కలిసే చోట ఒక గీత నుంచి కిందికి కారుతున్నాయి. మేస్త్రి కూడా చూశాడు. ఆయన చెయ్యి నా చేతుల్లో వదులైపోయింది. ఎండిన తాటిమట్ట విరిచిన చప్పుడు ఒకటి వినపడింది. ఆ తరువాత చూరు మొత్తం తలుపు మూసుకున్నట్టు కిందికి వంగి దూలానికి కొట్టుకుని, ముక్కలై నేల మీద కూలబడింది.

దుమ్ము తగ్గేదాకా ఎవరు ఎక్కడున్నారో తెలియలేదు. ఆయన నిలబడే చోట నా నడుమంత ఎత్తు గుట్ట ఉంది.

ముందుగా మాట్లాడింది టీచరమ్మే. అందరినీ పేరు పేరునా పిలిచి లెక్క చూసుకుంది, బడిలో హాజరు వేసినట్టు. తరువాత ఇంజనీరు వైపు తిరిగింది. "ఇప్పుడు స్తంభాలు పెట్టాలా బాబూ?"

ఆయన ఇంకా ఆ గుట్టనే చూస్తున్నాడు. మేస్త్రే అన్నాడు: "అవసరం లేదమ్మా. ఆయన గీసింది సరిగానే గీసినాడు. తప్పు మా కాడుంది. మళ్లీ పోస్తాం."

రెండోసారి సిమెంటు దొరికేసరికి మాఘమాసం వచ్చింది. ఈసారి ఇంజనీరు ముందు రోజే వచ్చి మాతో పాటు పాకలో పడుకున్నాడు. కమ్ముల మీద కాలు పడకుండా ఇటుకల మీద బల్లలు పరిపించి, సిత్తాళ్లు వాటి మీదే నడవాలన్నాడు. నాకు తట్ట ఇవ్వలేదు. కుర్చీలను కనిపెట్టుకుని ఉండమన్నాడు. తట్ట లేకుండా ఒక పూటంతా నిలబడడం నాకు అదే మొదలు. ఒళ్లు ఏదో పోగొట్టుకున్నట్టుంది.

ఆ నెలంతా మేస్త్రి నాతో మాట్లాడలేదు. నేను ఎదురుగా ఉన్నా, "ఆమెను బల్ల జరపమను" అని అక్కతో చెప్పేవాడు. అక్క నా వైపు తిరిగి, "నిన్ను బల్ల జరపమంటాండాడు" అనేది. "జరిపినానని చెప్పు" అనేదాన్ని. అక్కకు అదొక ఆట అయిపోయింది. ఒక్కోసారి ఆయన చెప్పని మాటలు కూడా రెండు కలిపి చెప్పేది.

చూరు నిలబడింది. ఈసారి పోట్లు తీసేటప్పుడు మేస్త్రీ ఇంజనీరూ ఇద్దరూ కింద ఉన్నారు. నేను బావి దగ్గర బట్టలు ఉతుకుతూ ఉండిపోయాను. చూడలేకపోయాను.

పని ముగించుకుని మా ఊళ్లకు పోతూ గూడూరులో బస్సు కోసం కూర్చున్నాం. మేస్త్రి పనిముట్ల గంప పక్కన పెట్టుకుని నాకు ఎదురుగా కూర్చున్నాడు. రెండు టీలు తెప్పించి ఒకటి నా వైపు జరిపాడు. అప్పుడు అడిగాడు:

"నాకు చెప్పకుండా ఆయన కాడికి ఎందుకు పోయినావు?"

"నీకు ఆ పొద్దే చెప్పినా గదన్నా. కమ్ములు దిగుతాండాయని."

"ఇన్నా."

"ఇని?"

"ఆ సాయంత్రం ఇసకలో కుర్చీలు కూడా చూసినా. ఏడో, ఎనిమిదో." టీ గ్లాసు చేతిలో తిప్పుతూ ఉన్నాడు. "చూసి ఇసక కప్పినా."

నా గ్లాసు కింద పెట్టేశాను. "తెలిసి కింద నిలబడినావా?"

"నిలబడకుంటే ఇంటివాళ్లకి చెప్పినట్టే గదా, దాంట్లో లోపముందని. నేను కిందుండగా పడితే మేస్త్రి తప్పు అంటారు. ఆడోళ్లు తొక్కినారని ఎవురూ అనరు." టీ ఒక గుక్క తాగి, "నిలబడతాదేమో అని కూడా ఉన్నింది" అన్నాడు.

ఇరవై రోజులు ఆయన కోసం నేను నోరు మూసుకున్నాను. మా కోసం ఆయన మూసుకున్నాడు. ఇద్దరం కలిసి ఆ స్లాబుకు పొద్దునా సాయంత్రమూ నీళ్లు పోసినట్టే.

నాకు కోపం వచ్చింది. జీవితంలో ఆయన మీద కోపగించుకోవడం అదే మొదటిసారి. "నువ్వు పేరు కోసం చచ్చే మనిషివైతే నేను రేపట్నుంచి పనికి రానన్నా. నీ శవాన్ని తట్టల్లో మోసే పని నాకొద్దు."

పక్కన అక్క టీ పొలమారి దగ్గింది.

కోట బస్సు హారను కొడుతూ వచ్చి ఆగింది. అందరూ మూటలు ఎత్తుకున్నారు. మేస్త్రి గంప భుజానికెత్తుకుని, నన్ను చూడకుండానే అన్నాడు:

"పనికి రా. ఏదన్నా కనపడితే చెప్పు. కాకపోతే నాకు రెండుసార్లు చెప్పాల మే. ఒకసారికి నాకెక్కదు."

ఆ తరువాత పదేళ్ల పైన ఆయన చేతికింద పనిచేశాను. ప్రతి మాటా రెండుసార్లు చెప్పాను.